అద్దము నుండి తెరకు: కూర్మన్నపాలెపు చోదకుల వెనుకచూపు

కలకత్తా నుండి చెన్నపట్టణమునకు సాగు 16వ నంబరు జాతీయ రహదారి విశాఖపట్టణపు నైరుతి దిక్కున, ఉక్కు కర్మాగారపు ప్రధాన ద్వారమునకు చేరువగా, కూర్మన్నపాలెమును ఒరసికొని పోవుచున్నది. ఉక్కు చువ్వలను, తీగచుట్టలను మోసికొనిపోవు ట్రైలర్లు, గంగవరము రేవు బొగ్గును మోయు టిప్పర్లు, స్టీల్ సిటీ డిపో నుండి వెడలు ఆర్టీసీ బస్సులు, ఉక్కునగరపు పిల్లలను ఎక్కించుకొను స్కూలు బస్సులు, దువ్వాడ స్టేషనులో రైలు అందుకొనవలెనని పరుగిడు ఆటోలు, షిఫ్టు మారు వేళ గుంపుగ వచ్చు మోటారు సైకిళ్లు, వీని నడుమ సొంత కారులో బజారునకు వచ్చిన సంసారులు, ఇందరును ఈ కూడలి యొద్ద కలిసికొందురు. ముందుకు పోవుట ఎవరికిని పెద్ద కష్టము కాదు. ఇరుకు సందులో బండిని వెనుకకు తీయుటయు, పరుగిడు రహదారిపై వెనుక నుండి వచ్చువాని వేగమును అంచనా వేయుటయు, ఈ రెండే చోదకుని నేర్పును బయటపెట్టు పరీక్షలు. నూరేండ్లకు పైగా ఈ రెండు పనులకును అద్దమే ఆధారమై యుండగా, గడచిన పది పదునైదేండ్లలో దాని ప్రక్కకు ఒక తెర వచ్చి చేరినది. కొన్ని బండ్లలో అద్దమును తొలగించి తానే ఆ స్థానమును ఆక్రమించినది. ఈ మార్పునకు మన డ్రైవర్లు ఎట్లు అలవాటుపడుచున్నారు, ఎక్కడ తడబడుచున్నారు, ఆ తడబాటులో యంత్రము పాలెంత, మనుష్యుని పాలెంత అను ప్రశ్నలను ఒకచోట చేర్చి పరిశీలించుట అవసరమని నాకు తోచినది.

మొట్టమొదట ఒక భేదమును గుర్తింపవలెను. రివర్స్ గేరు పడగానే డ్యాష్‌బోర్డు మీది తెరపై బండి వెనుకనున్న నేలను చూపు కెమెరా ఒకటి. బండి ముందునకు పోవుచున్నంతసేపును, లోపలి అద్దము ఉండవలసిన చోటనో, ప్రక్క అద్దములు ఉండవలసిన చోటనో నిలిచి వెనుక దారిని నిరంతరము చూపు డిజిటల్ అద్దము మరియొకటి. మొదటిది అద్దము ఎన్నడును చూపలేని దానిని చూపును. రెండవది అద్దము చక్కగ చూపుచున్న దానినే మరియొక విధముగ చూపును. ఈ భేదమును విస్మరించి రెంటిని ఒకే గాటను కట్టి, కొందరు "కెమెరా వచ్చేక అద్దమెందుకండీ" అనుటయు, మరికొందరు "ఇవన్నీ షోకులు" అని త్రోసిపుచ్చుటయు జరుగుచున్నది. నా దృష్టిలో రెండు వాదములును తొందరపాటువే. రివర్స్ కెమెరాను సందేహింపక స్వీకరింపవలెను. డిజిటల్ అద్దము విషయమున మాత్రము నిదానింపవలెను. ఇట్లనుటకు కారణములు బండిలోకంటె మనుష్యుని కంటిలోను, మెడలోను ఎక్కువగ ఉన్నవి.

అద్దము సైతము ఒకనాడు కొత్త వస్తువే. 1909లో డొరోథీ లెవిట్ అను ఆంగ్ల వనిత, కారు నడుపు స్త్రీలను ఉద్దేశించి వ్రాసిన గ్రంథములో, చేతి అద్దమొకటి దగ్గర ఉంచుకొని అప్పుడప్పుడు పైకెత్తి వెనుక వచ్చు బండ్లను చూచుకొనుడని సలహా యిచ్చినది. రెండేండ్ల పిమ్మట, 1911లో, అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున జరిగిన అయిదువందల మైళ్ల పందెములో, తక్కిన పోటీదారులు వెనుక చూచి చెప్పుటకు మెకానిక్కులను ప్రక్కన కూర్చుండబెట్టుకొనగా, రే హరూన్ అను నాతడు ఒంటరిగ, మార్మన్ వాస్ప్ అను తన బండికి అద్దము బిగించుకొని వచ్చి పందెము గెలిచెను. ఇటుకలు పరచిన ఆ బాటపై అద్దము అదరిపోవుచుండుటచే దానిలో తనకేమియు సరిగ కనబడలేదని ఆతడే పిమ్మట చెప్పుకొనెనట! కనబడినను కనబడకున్నను, అద్దము బండిలోనికి వచ్చుటతోడనే ప్రక్కన కూర్చున్న మనిషి దిగిపోయెను. మన లారీలలో క్లీనరు దిగిపోవుటకు మరి నూరేండ్లు పట్టినది.

కెమెరా ఊహయు మనము తలచునంత కొత్తది కాదు. 1956లో బ్యూయిక్ సంస్థ సెంచూరియన్ అను ప్రదర్శన వాహనమున వెనుక భాగములో టెలివిజన్ కెమెరాను, ముందు తెరను అమర్చి చూపినది. 1991లో జపాను దేశమున టొయోటా సోరర్ కారులో ఇట్టి సౌకర్యము అమ్మకమునకు వచ్చినది. అయినను విలాసముగ నున్న ఈ వస్తువును విధిగ మార్చినది ఒక విషాదము. 2002లో అమెరికాలోని లాంగ్ ఐలండునందు ఒక తండ్రి తన ఎత్తైన బండిని ఇంటి ముంగిట నిలుపుటకై వెనుకకు నడుపుచుండగా, రెండేండ్ల తన కుమారుడే దాని చక్రముల క్రింద పడి మరణించెను. ఆ బాలుని పేరిట వచ్చిన చట్టముపై 2008లో అధ్యక్షుని సంతకము పడినది; 2014లో నియమములు వెలువడినవి; 2018 మే 1 నుండి ఆ దేశమున అమ్ముటకై తయారగు ప్రతి కొత్త కారునందును వెనుక కెమెరా తప్పనిసరి యైనది. రివర్స్ గేరు వేసిన రెండు సెకన్లలో దృశ్యము తెరపై కనబడవలెను. బండి వెనుక పది అడుగుల వెడల్పు, ఇరువది అడుగుల పొడవు గల నేల దానిలో ఇమిడి యుండవలెను. వెనుకకు నడచు బండ్ల క్రింద ఏటేట సుమారు 210 మంది మరణించుచున్నారనియు, 15,000 మంది గాయపడుచున్నారనియు అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క కట్టినది. వారిలో పసిబిడ్డలు, వృద్ధులు అధికులు. పరుల బండి క్రింద కాక, సొంత ఇంటి బండి క్రిందనే బిడ్డలు పడుట ఈ ప్రమాదపు దారుణ లక్షణము.

మన దేశమున 2019 జులై 1 నుండి కొత్త కార్లకు వెనుక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి చేయబడినవి. కెమెరా మాత్రము కొనువాని యిష్టమునకు, ధరకు విడువబడినది. ఈ నిర్ణయములోని లోపము కూర్మన్నపాలెపు కాలనీ వీధులలో ప్రత్యక్షముగ కనబడును. బంపరులో పొదిగిన సెన్సారు శబ్దతరంగమును వెలువరించి, అది ఎదుటి వస్తువును తాకి మరలి వచ్చు కాలమును బట్టి దూరమును కట్టి "టీక్ టీక్" మని కూయును. గోడ యున్నచో కూయును, ఆగిన ఆటో యున్నచో కూయును. కాని మూతలేని మురుగు కాలువ యున్నచో అది కూయదు. ఏలయన కాలువ అడ్డము కాదు, శూన్యము. సన్నని ఇనుప చువ్వ, నేలకు ఆనియున్న రాయి, పడుకొనిన కుక్కపిల్ల, ఇవియును దాని చెవికి అందక తప్పించుకొనవచ్చును. అపార్టుమెంటు క్రింది పార్కింగులో స్తంభమును చూచి గావుకేకలు పెట్టిన సెన్సారు, బయట వీధిలో వెనుక చక్రము కాలువలో దిగబడువరకు మౌనముగ నుండుట ఇక్కడివారికి పరిచితమైన అనుభవమే. కెమెరాకు చెవి లేకున్నను కన్నున్నది. కాలువను అది చూపును. చట్టము రెంటిలో ఒకదానినే కోరదలచినచో చెవిని గాక కంటిని కోరి యుండవలసినది.

ఇక తెరకు ముందు ఈ పని ఎవరు చేసిరో తలచుకొనవలెను. లారీ వెనుకకు పోవలసి వచ్చినపుడు క్లీనరు క్రిందికి దుమికి, వెనుక కుడిమూలన, డ్రైవరు అద్దములో తాను కనబడు చోట నిలిచి, "రానీ... రానీ... కొంచెం కోసి రానీ... ఆపు!" అని కేకవేయుచు, అరచేతితో బాడీపై కొట్టును. ఆ చరపులలో ఒక భాష గలదు: విడివిడిగ పడు దెబ్బలు "రమ్ము" అనియు, గబగబ పడు దెబ్బలు "నిలుపుము" అనియు డ్రైవరునకు తెలియును. బస్సునకు కండక్టరు ఈల యుండెను. "హోల్డాన్", "రైట్ రైట్" అను రెండు మాటలతో అతడు నలువది అడుగుల బండిని అంగుళముల లెక్కన కదలింపగలిగెడివాడు. ఈ మానవ కెమెరాకు ఒక మహాగుణము కలదు: అది చూపుటతో ఆగక నిర్ణయించును, అడ్డము వచ్చిన మనిషిని గదిమి తొలగించును. దానికొక దోషమును కలదు. బండికిని గోడకును నడుమ నిలుచున్నవాడు క్లీనరే గనుక, డ్రైవరు పొరబడినచో మొదట నలుగువాడును అతడే. ఆ మనిషిని ప్రమాదస్థానము నుండి తప్పించినదను ఒక్క కారణముచేతనైనను రివర్స్ కెమెరాకు నమస్కరింపవచ్చును. కాని జీతము మిగులునని క్లీనరును మానిపించి, కెమెరాయును పెట్టింపక, డ్రైవరును ఒంటరిగ పంపు యజమానులను ఏమనవలెనో నాకు తెలియకున్నది.

కారు కొన్న నాడు కెమెరా రానివారు తరువాత పెట్టించుకొందురు. గాజువాక ఆటోనగరు ప్రాంతపు దుకాణములలో ఈ పని జరుగు తీరు చూడదగినది. డిక్కీ తలుపులో నంబరు ప్లేటు పైన చిన్న రంధ్రము చేసి, బొటనవ్రేలి కొసంత కెమెరాను దానిలో బిగించి, రివర్స్ లైటు తీగ నుండియే దానికి కరెంటు ఇత్తురు. అందుచేత రివర్స్ లైటు వెలిగినపుడు మాత్రమే కెమెరాయును మేల్కొనును. కారు పన్నెండు వోల్టులది, లారీ ఇరువది నాలుగు వోల్టులది. ఒకదాని సరకును రెండవదానికి తగిలించినచో పొగ వచ్చును. కెమెరా తోకను బట్టుకొని వచ్చు తీగలలో రెండు చిన్న ఉచ్చులుండును. ఒకదానిని కత్తిరించినచో దృశ్యము ఎడమకుడులు తారుమారగును. రెండవదానిని కత్తిరించినచో తెరపైని రంగు గీతలు మాయమగును. ఈ చిన్న కత్తిరింపులోనే పెద్ద ప్రమాదమున్నది. రివర్స్ కెమెరా దృశ్యము అద్దములో వలెనే ఎడమకుడులు తిరిగి కనబడవలెను. అట్లు కాక ముందు కెమెరాకు తగిన పద్ధతిలో విడిచిపెట్టినచో, కుడి వైపున నున్న మోటారు సైకిలు తెరపై ఎడమ వైపున కనబడును, డ్రైవరు స్టీరింగు త్రిప్పవలసిన దిక్కునకు సరిగ ఎదుటి దిక్కునకు త్రిప్పును. "కెమెరా పెట్టించిన తరువాతే బండికి గీతలు పడ్డాయండీ" అని వాపోవువారిలో కొందరి కష్టమునకు మూలము ఈ ఉచ్చులోనే యుండును.

గీతల సంగతి మరికొంత చెప్పవలసి యున్నది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులలో తెరపై కనబడు గీతలు దూరమును కొలిచి గీయబడినవి కావు. కెమెరా ఇంత ఎత్తున, ఇంత వంపుతో ఉన్నదని ఊహించుకొని నేలపై గీయబడిన గీతలవి. ఫ్యాక్టరీలో బిగించిన కెమెరాకు ఆ ఊహ సరిపోవును. బయట బిగించిన చవుక కెమెరాకు ఆ గీతలు అలంకారములే. అంతకంటె ముఖ్యము, గీత నేలకు సంబంధించినది కాని గాలిలోనున్న వస్తువునకు సంబంధించినది కాదు. ఇది మరెక్కడనైనను చిన్నవిషయము కావచ్చునేమో కాని ఉక్కునగరపు ముంగిట చిన్నవిషయము కాదు. కట్టడపు చువ్వ సాధారణముగ పన్నెండు మీటర్ల పొడవుండును. చిన్న బండి తొట్టి అంత పొడవుండదు. చువ్వలు బండి వెలుపలికి పొడుచుకొని వచ్చునట్లు మోయరాదని 2014లోనే కేంద్రము నియమమును సవరించినను, చిల్లర దుకాణముల నుండి ఇంటి కట్టడములకు పోవు వ్యానులు, మూడు చక్రముల బండ్లు ఆ నియమమును నేటికిని పూర్తిగ పాటించుట లేదు. అట్టి బండి మన కారు వెనుక నిలిచియున్నపుడు, దాని చక్రములు ఆకుపచ్చ గీతకు ఆవల నున్నవని తెర చెప్పుచుండగనే, చువ్వల మొనలు మన కారు వెనుక గాజును తాకవచ్చును. తెరలో చక్రమును చూచువాడు చువ్వను చూడడు. ఇచ్చట మెడ త్రిప్పి చూచుట తప్ప మరియొక ఉపాయము లేదు.

మెడ త్రిప్పుట అంటిని. తెర వచ్చిన తరువాత మొదట మానివేయబడు పని అదియే. అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ, ఐఐహెచ్‌ఎస్, 2014లో చేయించిన ప్రయోగము ఇందుకు చక్కని దృష్టాంతము. పసిబిడ్డ పరిమాణము గల బొమ్మను బండి వెనుక, డ్రైవరునకు తెలియకుండ నిలిపి, వెనుకకు తీయుమనిరి. ఏ సాధనమును లేని వారికంటె కెమెరా గలవారు మేలుగ నుండుట ఆశ్చర్యము కాదు. కెమెరాతోపాటు సెన్సారు కూడ నున్నవారు, కెమెరా ఒక్కటియే ఉన్నవారికంటె ఎక్కువగ ఆ బొమ్మను ఢీకొట్టుట ఆశ్చర్యము. కూత వినబడలేదు గనుక అడ్డమేమియు లేదని మనస్సు నిశ్చయించుకొని, తెరను చూచుట తగ్గించి యుండునని ఊహింపవచ్చును. నీడలో నిలిపిన బొమ్మ తెరను చూచినవారికి సైతము చిక్కలేదు. అయినను మొత్తముమీద ఫలితము మంచిదే. అదే సంస్థ పిమ్మట పోలీసు రికార్డులను పరిశీలించి, వెనుక కెమెరా గల కార్లకు వెనుకకు నడచునపుడు జరుగు ప్రమాదములు నూటికి 17 వంతున తగ్గినవని తేల్చెను. తానే బ్రేకు వేయు ఏర్పాటు, సెన్సారు, కెమెరా మూడును కలిసినచో తగ్గుదల 78 వంతులకు చేరినది. పదునేడు వంతులనగా స్వల్పమని కొందరు పెదవి విరువవచ్చును. పదునేడు వంతులు గొప్పవే. తక్కిన ఎనుబది మూడు వంతుల బాధ్యత తెరది కాదు, దానిని చూచువానిది అనునది గుర్తుంచుకొనవలసిన మాట.

కూర్మన్నపాలెపు గాలి ఈ సాధనమునకు అనుకూలమైనది కాదు. ఒకవైపు బొగ్గు, ముడియినుము ధూళి. మరియొకవైపు సముద్రపు ఉప్పుగాలి. బండి ముందుకు పోవుచున్నపుడు దాని వెనుక గాలి సుడులు తిరిగి, చక్రములు లేపిన దుమ్మును తెచ్చి వెనుక తలుపునకే పూయును. కెమెరా ఉన్నదియు అక్కడనే. ముందు అద్దమునకు వైపరున్నది, నీటిచిమ్మెర యున్నది. ఈ చిన్న కంటికి చాలా బండ్లలో ఏమియు లేదు. వానకాలమున ఒక్క నీటిబొట్టు దానిపై నిలిచెనా, తెర సగము చెరువగును. ఉప్పుగాలికి తీగ కొనలు పచ్చబడి, దృశ్యము మినుకు మినుకుమని ఒకనాడు పూర్తిగ ఆరిపోవును. అనుభవము గల ట్యాక్సీ డ్రైవర్లు ముందు అద్దము తుడిచిన గుడ్డతోనే వెనుకకు పోయి కెమెరాను కూడ ఒకసారి తుడిచి వచ్చుట నేను తరచు చూచుచుందును. సొంత కారువారు ఈ పని చేయుట అరుదు. వారికి కెమెరా ఎక్కడ నున్నదో కూడ తెలియదేమోనని అనుమానము.

నాలుగు కెమెరాల చిత్రములను కుట్టి, బండిని ఆకసము నుండి చూచినట్లు చూపు 360 కెమెరాను గూర్చి ఎక్కువ చెప్పనవసరము లేదు. 2007లో నిస్సాన్ సంస్థ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి, 2022 నాటికి మారుతీ బెలెనో వంటి సామాన్య కుటుంబపు కారులోనికి దిగివచ్చినది. కుట్టు పడిన మూలల యొద్ద వస్తువులు తునిగిపోవును, నిలువు వస్తువులు సాగి కనబడును. ఈ రెండు సంగతులు తెలిసినవానికి అది మంచి సహాయకారి.

డిజిటల్ అద్దము విషయము ఇంత సులభము కాదు. ఇది కెమెరా సంగతి కాదు, కంటి సంగతి. గాజు అద్దము మన కంటికి రెండడుగుల దూరమున ఉన్నను, దానిలో కనబడు లారీ రెండడుగుల దూరమున ఉన్నట్లు కన్ను భావింపదు; ఏబది మీటర్ల వెనుకనున్న లారీ ప్రతిబింబము అద్దమునకు ఏబది మీటర్ల ఆవల నున్నట్లే కన్ను దానిపై దృష్టిని నిలుపును. అనగా ముందు దారిని చూచుచున్న చూపు, అద్దములోనికి మరలినపుడు దూరపు చూపుగనే యుండును. కంటికటకము తన ఆకారమును మార్చుకొనవలసిన పని లేదు. తెర అట్లు కాదు. దానిలో లారీ ఎంత దూరముననున్నట్లు కనబడినను, వెలుగు వచ్చునది రెండడుగుల దూరము నుండియే. కన్ను ప్రతిసారియు దూరము నుండి దగ్గరకు, దగ్గర నుండి దూరమునకు సర్దుకొనవలెను. ఇరువదియైదేండ్ల వానికి ఈ సర్దుబాటు తెలియకుండనే జరిగిపోవును. నలుబది దాటినపుడు కటకము బిరుసెక్కును; సర్దుబాటు ఆలస్యమగును; ఏబది దాటినవానికి కళ్లజోడు లేనిదే జరుగనే జరుగదు. ఆ కళ్లజోడులోనైనను దగ్గరి చూపు భాగము క్రింది అంచున ఉండును, డిజిటల్ అద్దమో కనుబొమల పైయెత్తున ఉండును. కనుక గడ్డము పైకెత్తి, కన్నులు క్రిందికి దింపి, ముక్కు మీదుగ చూడవలసి వచ్చును. ఆ క్షణమున ముందు దారి చూపునుండి తొలగిపోవును.

విశాఖ ఉక్కు కర్మాగారమును 1992 ఆగస్టు 1న జాతికి అంకితము చేసిరి. ఆ కాలమున యువకులుగ చేరినవారు ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసినవారో, చేయబోవువారో అయి యున్నారు. పదవీ విరమణ సొమ్ముతో జీవితమున మొదటిసారి మంచి కారు కొనువారు వారే. అనగా డిజిటల్ అద్దమునకు డబ్బు పెట్టగల వయస్సును, దానికి కన్ను సహకరింపని వయస్సును ఒక్కటే యగుచున్నవి. పిల్లలు వారిని చూచి "నాన్నగారికి కొత్తది పట్టుబడదు" అని నవ్వుదురు. అది మొండితనము కాదు, మందబుద్ధియు కాదు, నేత్రధర్మము.

రెండవ చిక్కు దూరపు అంచనా. గాజు అద్దములో తల కొంచెము ప్రక్కకు వంచినచో దృశ్యము జరుగును, అంతవరకు మరుగైనది బయటపడును. తెర ముందు తల ఎంత వంచినను దృశ్యము జరుగదు. ముప్పదియేండ్ల అభ్యాసముచే మెడకు అలవడిన ఆ చిన్న కదలిక తెర ముందు వ్యర్థమగును. మీదుమిక్కిలి, కెమెరా బండి వెనుక కొసన ఉండుటచేతను, కటకము కోణము వేరగుటచేతను, లోపలి తెరలో ఒక పరిమాణమున కనబడిన లారీయే ప్రక్క గాజు అద్దములో మరియొక పరిమాణమున కనబడును. ఏది నమ్మవలెను? ప్రక్కనున్న ఉబ్బెత్తు అద్దమును వస్తువులను చిన్నవిగ, దూరముగ చూపి అబద్ధమాడునదే. కాని ఆ అబద్ధము ఎప్పుడును ఒక్క తీరుగ నుండుటచే డ్రైవరు దానిని సరిదిద్దుకొనుట నేర్చుకొనినాడు. తెర అబద్ధము బండి మారినపుడెల్ల మారుచున్నది. అగనంపూడి దారిలో టీ దుకాణమున ఒక ముసలి ట్రైలరు డ్రైవరు కుర్ర డ్రైవరుతో అన్న మాట ఈ విషయమున నేను చదివిన వ్యాసములన్నిటికంటె సూటిగ నున్నది: "అద్దంలో సూస్తే బండి ఎంత దూరంలో ఉన్నాదో తెలుస్తాదిరా తమ్ముడూ. టీవీలో సూస్తే బండి ఉన్నాదని మాత్రమే తెలుస్తాది."

డిజిటల్ అద్దమునకు గుణములు లేవని కాదు. అరకు ప్రయాణమునకు వెనుక సీటున బంధువులను, డిక్కీలో పెట్టెలను పైకప్పు వరకు నింపినపుడు గాజు అద్దములో తలలు, సంచులు తప్ప మరేమియు కనబడవు. కెమెరా బండి వెలుపల నుండి చూచును గనుక దానికి ఈ అడ్డు లేదు. రాత్రివేళ వెనుక వచ్చువాడు హైబీము వేసికొని కంటిలో కత్తులు గ్రుచ్చుచున్నపుడు తెర ఆ వెలుగును అణచి చూపును. మన రహదారులపై ఇది సామాన్యమైన ఉపకారము కాదు. అయితే అదే రాత్రి, కొన్ని తెరలలో ఎల్ఈడీ దీపములు ఆరి వెలుగుచున్నట్లు మినుకుట చూచి, వెనుక వచ్చువాడు డిప్పర్ కొట్టుచున్నాడని భ్రమపడి దారి యిచ్చినవారు కలరు. వెనుక సీటులోని పసిబిడ్డ నిద్రించుచున్నదో ఏడ్చుచున్నదో ఆ తెరలో కనబడదని తల్లుల ఫిర్యాదు. ఇందులకు విరుగుడుగ, చిన్న మీట నొక్కగనే తెర మరల సాధారణ అద్దముగ మారు ఏర్పాటును చాలా సంస్థలు ఉంచినవి. 2016 నాటి క్యాడిలాక్ సీటీ6 మొదలు 2025లో మన దేశమున విడుదలైన టాటా హారియర్ విద్యుత్ కారు వరకు లోపలి తెర అద్దము ఈ మార్గమున వచ్చినదే.

ప్రక్క అద్దములను సైతము తీసివైచి కెమెరాలను పెట్టుటకు జపాను 2016లో అనుమతి యిచ్చినది. 2018లో లెక్సస్ ఈఎస్ అట్టి మొదటి కారుగ ఆ దేశపు విపణిలోనికి వచ్చినది. అదే యేట మెర్సిడెస్ సంస్థ ఆక్ట్రోస్ లారీకి పెద్ద అద్దములను తొలగించి, క్యాబిన్ పైయెత్తున కెమెరాలను, లోపల ఇరువైపుల నిలువు తెరలను అమర్చినది. ట్రైలరు మలుపు తిరుగునపుడు దృశ్యమును దాని వెంట మరల్చు తెలివి కూడ దానికి కలదు. అమెరికా మాత్రము, కెమెరాను విధిగ చేసిన దేశమే అయియు, అద్దమును తీసివైచుటకు నేటివరకు ఒప్పుకొనలేదు. ఈ జాగ్రత్తలో నాకు వివేకము కనబడుచున్నది.

మన ట్రైలర్ల పరిస్థితి వేరు. ముందు బండి ఒకరిది, దానికి తగిలించు ట్రైలరు నేడొకటి, రేపొకటి; ట్రైలరు తోకన బిగించిన కెమెరాకును ముందు బండిలోని తెరకును పొత్తు కుదురుట కష్టము. మరియు ట్రైలరును వెనుకకు నడుపుట అనునది స్టీరింగును తలక్రిందులుగ త్రిప్పు విద్య. తోక ఎక్కడ నున్నదో తెలిసినంత మాత్రమున చాలదు, నడుమ కీలు ఏ కోణమున విరుగుచున్నదో కూడ తెలియవలెను. అది ప్రక్క అద్దములోనే తెలియును. ఇటీవల మరియొక మార్పు తోడైనది. 2025 అక్టోబరు 1 నుండి తయారగు మధ్యరకపు, భారీ సరకు వాహనముల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి యైనది. ఎండలో ఇనుప పెట్టె వలె కాలిపోవు క్యాబిన్లో పండ్రెండు గంటలు కూర్చుండువానికి ఇది ఎన్నడో దక్కవలసిన న్యాయము. కాని ఏసీ వేసినవాడు కిటికీ మూయును, కిటికీ మూసినపుడు వెనుక నిలిచినవాని "ఆపు!" అను కేక లోనికి రాదు. కనుక చల్లని క్యాబినుతో పాటు వెనుక కెమెరాను కూడ విధిగ చేయుట అనివార్యము. ఒకదానిని యిచ్చి రెండవదానిని మరచుట అర్ధన్యాయమే.

ఇంకొక తెగవారి తడబాటు, తెరకు అలవాటుపడలేని పెద్దల తడబాటునకు విలోమముగ నుండును. ఉక్కునగరమున పెరిగి, అమెరికాలో ఉద్యోగములు చేయుచు, కెమెరా లేని కారును అక్కడ ఎరుగని యువకులు సెలవులకు వచ్చి తండ్రి పాత కారును బయటకు తీయబోవుదురు. రివర్స్ గేరు వేసి, చీకటిగ నున్న డ్యాష్‌బోర్డు వైపు చూచి, ఒక క్షణము ఏమియు తోచక కూర్చుందురు. స్టీరింగు ఎడమ నుండి కుడికి మారుటచే, ఏ భుజము మీదుగ వెనుకకు చూడవలెనో కూడ మెడకు తెలియదు. అప్పుడు తండ్రి క్రిందికి దిగి, వెనుక నిలిచి, "రానీ, రానీ" అనును.

ఈ రెండు తరముల నడుమ లోటు ఎక్కడ నున్నదో చెప్పుట కష్టము కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 15వ నియమము, లైసెన్సు కోరువాడు ఇరుకైన చోటిలోనికి కుడివైపునకో ఎడమవైపునకో బండిని అదుపుతో వెనుకకు నడపవలెనని కోరుచున్నది. తెరను చూచుట ఎట్లు, ఎంతసేపు, దానిని ఎప్పుడు నమ్మరాదు అను సంగతులను మన డ్రైవింగ్ స్కూళ్లు నేర్పుట నేను చూడలేదు. అద్దముతో మొదట, తెరతో పిదప, రెంటితో కలిపి తుదకు బండిని వెనుకకు తీయించి చూపినవానికే లైసెన్సు ఇచ్చు పద్ధతి రావలెను. రవాణా శాఖ ఇందుకు పూనుకొనునంతవరకు ఉక్కు కర్మాగారము, రేవు తమ ఆవరణలోనికి వచ్చు లారీ డ్రైవర్లకు ఇచ్చు భద్రతా శిక్షణలో ఈ పాఠమును చేర్చవచ్చును. దానికి పెద్ద ఖర్చు లేదు.

చదువరులకు రెండు విన్నపములు. కెమెరా పెట్టించుకొన్న దినముననే, బండి వెనుక ఒక మీటరునకు ఒకటి, రెండు మీటర్లకు ఒకటి ఇటుకలు పెట్టి, అవి మీ తెరపై ఏ గీత యొద్ద కనబడునో చూచి గుర్తుంచుకొనుడు; ప్రక్కన నొక మనిషిని నిలిపి ఎడమకుడులు సరిగ నున్నవో లేవో పరీక్షించుడు. నలుబదియైదేండ్లు దాటినవారు డిజిటల్ అద్దమునకు అదనపు సొమ్ము చెల్లించుటకు పూర్వము, షోరూము చల్లదనములో పట్టపగలు గాక, చీకటి పడిన తరువాత జాతీయ రహదారిపై, మీ కళ్లజోడుతోనే ఆ బండిని ఒకసారి నడిపి చూడుడు. కన్ను ఒప్పుకొననిచో గాజు అద్దము గల బండినే కొనుడు.